అబ్బాయి లోపలే ఉన్నాడు

దుర్గేష్‌కి లోకంలో ఎవరూ ఆనరు. అమీర్‌పేట సెంటర్లో, జ్యూస్ బండి పక్కనున్న మెట్లెక్కితే రెండో అంతస్తులో అతని కోచింగ్ సెంటరు. నలభై అయిదు రోజుల్లో జావా నేర్పించేవాడు. నేర్పడమంటే, పుస్తకంలో ఉన్నదే బోర్డు మీద రాసి, సందేహం అడిగినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయడం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం జనం ఎగబడుతున్న రోజులు కాబట్టి అలాంటివాడికీ బ్యాచ్‌లు నిండేవి. పెళ్ళి కూడా చేసుకోలేదు. వచ్చిన సంబంధమేదీ అయ్యగారి స్థాయికి తూగలేదు మరి.

మధురానగర్ ఫ్లాట్‌లో అతనూ, తల్లి దుర్గాంబా ఉండేవారు. ఆవిడకి రెండేళ్ళుగా మతిమరుపు జబ్బు. పగలంతా తన మానాన తను ఉండేది. పొద్దు వాలి దీపాలు పెట్టే వేళకి మాత్రం ఆవిడలో ఏదో అలజడి మొదలయ్యేది. "చీకటి పడుతోంది, అబ్బాయింకా రాలేదేంటి?" అంటూ గుమ్మం పట్టుకుని ఏడ్చేది. ఆవిణ్ణి చూసుకునే ఆయా భూలక్ష్మి గాభరాగా ఫోన్ చేసేది. సాయంత్రం బ్యాచ్ మధ్యలో ఫోన్ మోగితే దుర్గేష్‌కి ఒళ్ళు మండేది.

ఇలాంటి పెద్దవాళ్ళున్న కుటుంబాలు ఆదివారాలు పంజాగుట్టలో ఒక మేడ మీద కలుసుకునేవి. డాక్టరు పోరు పడలేక దుర్గేష్ ఒక్కసారి వెళ్ళాడు. ఒక ముసలాయన, తన భార్యకి రోజూ పొద్దున్నే తానెవరో చెప్పుకుంటానని కళ్ళు తుడుచుకున్నాడు. దుర్గేష్ వాచీ చూసుకున్నాడు. సమావేశం నడిపే సీతామహాలక్ష్మి గారు రిటైరైన నర్సు. "వాళ్ళ మాట కాదనకండి బాబూ, వాదించకండి," అంటూ మొదలుపెట్టిందావిడ. ఇంతేనా అనుకుని దుర్గేష్ లేచిపోయాడు. "పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి. లేని మనిషిని ఉన్నాడని మాత్రం చెప్పకండి," అని ఆవిడ మిగతా సగం చెప్పేసరికి ఈయనగారు కింద బండి స్టార్ట్ చేస్తున్నాడు. సగం విని పాఠం వచ్చేసిందనుకునే పిల్లల్ని రోజూ చెడామడా తిట్టే మనిషి!

ఆ రాత్రే భూలక్ష్మికి హుకుం జారీ అయింది. "అమ్మ అడిగితే, అబ్బాయి వచ్చాడు, లోపల గదిలో ఉన్నాడని చెప్పు. ఇక నాకు ఫోన్ చెయ్యకు."

మర్నాటి నుంచి ఏడుపు ఆగిపోయింది. అబ్బాయి వచ్చాడనగానే దుర్గాంబ పిల్లలా నవ్వి, లోపలి గది ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేది. పంజాగుట్టలో గంటలకొద్దీ ఏడ్చే ఆ దద్దమ్మలకి ఈ చిన్న ఉపాయం తట్టలేదే అని దుర్గేష్ తనలో తనే నవ్వుకున్నాడు.

నెల తిరిగాక ఒక పొద్దున, బూట్లు తొడుక్కుంటున్న దుర్గేష్ దగ్గరికి భూలక్ష్మి వచ్చి నిలబడింది.

"సార్, గా రూంల అన్నం పెట్టుమంటుంది అమ్మ. పెడుతున్న."

"పెట్టు. ఆవిడ సంతోషం."

"కంచం ఖాళీ అయితుంది సార్."

"ఎలుకలు."

"ఎలుకలు నీళ్ళు తాగి గ్లాసు బోర్లిస్తయా సార్?"

దుర్గేష్ పగలబడి నవ్వాడు. చదువూ సంధ్యా లేని మనుషులతో ఇదే తంటా అన్నాడు. తినేసి దొంగనాటకాలాడుతున్నావా అని కూడా అన్నాడు. భూలక్ష్మి ముఖం మాడిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ ఊసెత్తలేదు.

శ్రావణంలో ఒక సాయంత్రం వాన దంచి కొట్టింది. అమీర్‌పేటంతా కరెంటు పోయింది. బ్యాచ్ వదిలేసి, తడిసిన చొక్కాతో దుర్గేష్ ఆరున్నరకే ఇంటికొచ్చాడు. ఆ వేళకి అతను ఇంట్లో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. మెట్ల మీద చీకటి. ఎక్కడో బకెట్లోకి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. తమ ఫ్లాటున్న మూడో అంతస్తుకి వచ్చేసరికి వేడి అన్నంలో నెయ్యి వేసిన వాసన కమ్మగా తగిలింది.

తలుపు కొట్టాడు.

"ఎవరు?" భూలక్ష్మి గొంతు.

"నేనే."

తలుపు తెరుచుకోలేదు. ఆమె తలుపుకి నోరానించి, గుసగుసగా అంది.

"సార్ లోపలున్నరు..."

"ఆ ముక్క అమ్మకి చెప్పమన్నాను, నాకు కాదు! తియ్యి!"

తలుపు తెరుచుకుంది. కొవ్వొత్తి వెలుగులో భూలక్ష్మి అతన్ని చూసింది. వెనక్కి తిరిగి లోపలి గది వైపు చూసింది. మళ్ళీ అతన్ని చూసింది.

దుర్గాంబ గది ముందు కుర్చీలో కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వి ఉంది. ముఖం నిండా వెలుగు. కొడుకుని చూసి మర్యాదగా కొంగు సర్దుకుంది.

"ఎవరు బాబూ మీరు? కోచింగ్ కోసమా? కాసేపు కూర్చోండి. మా అబ్బాయి అన్నం తింటున్నాడు."

"అమ్మా... నేను. దుర్గేష్‌ని."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. కుర్చీలో వెనక్కి ముడుచుకుంది.

"అదేంటి... వాడి పేరు చెబుతారేంటి?"

అప్పుడు వినిపించింది. లోపల, కంచంలోనే చెయ్యి కడుక్కుంటున్న చప్పుడు.

చిన్నప్పటి నుంచీ దుర్గేష్‌కున్న అలవాటది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా పొగరు ఊరుకోనివ్వదుగా... గది తలుపు ఒక్క తోపు తోశాడు. సెల్‌ఫోన్ టార్చి వేశాడు. మంచం. కంచం. బోర్లించిన గ్లాసు. ఇంకెవరూ లేరు.

"చూశారా!" అని అరిచాడు. "ఎవరూ లేరిక్కడ! వినబడుతోందా అమ్మా? ఎవరూ లేరు!"

బయట కుర్చీ కిర్రుమంది.

"వచ్చావా నాన్నా," అంటోంది దుర్గాంబ. "ఇలా కూర్చో. లోపల ఎవరో అరుస్తున్నాడు, భయమేస్తోంది."

దుర్గేష్ బయటికొచ్చాడు. అప్పుడే కరెంటు వచ్చింది. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.

దుర్గాంబ ఒక్కతే ఉంది. కుడి చెయ్యి కుర్చీ పక్కకి చాపి ఉంది. ముడతలు పడ్డ ఆ చేతి మీద నాలుగు వేళ్ళు నొక్కినట్టు నాలుగు గుంటలు... మెల్లగా, ఓపికగా, మణికట్టు నుంచి వేళ్ళ దాకా జరుగుతున్నాయి. మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. ఎవరో నిమురుతున్నారు.

తల్లి చెయ్యి తనెప్పుడు పట్టుకున్నాడో దుర్గేష్‌కి గుర్తు రాలేదు. పట్టుకుందామని ఒక అడుగు వేశాడు. ఆవిడ కెవ్వుమంది.

"పంపించెయ్ నాన్నా! వాణ్ణి పంపించెయ్!"

గుంటలు ఆగిపోయాయి. చర్మం మెల్లగా పైకి లేచి సర్దుకుంది. ఆవిడ చేతిని పట్టుకున్నది వదిలేసింది... ఖాళీ గచ్చు మీద, తడి లేని పాదాల చప్పుడు ఒక్కొక్కటిగా అతని వైపు వచ్చింది.

దుర్గేష్ వెనక్కి నడిచాడు. గుమ్మం దాటాడు. భూలక్ష్మి అప్పటికే చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెడుతోంది. అతని ముఖం మీదే తలుపు మూసుకుంది.

"అమ్మా! అమ్మా, తియ్యవే! నేనే అబ్బాయిని!"

లోపల తలుపు పైనున్న గడియ పడింది. తల్లి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోకుండా, ఆవిడకి అందనంత ఎత్తున దుర్గేషే పెట్టించిన గడియ అది.