ఐదు మిల్లీసెకన్లు

విద్యుత్ నెట్‌వర్క్ డిజైనర్ బాలచంద్ర శవం తెల్లవారుజామున తిరుపతి లాడ్జిలో దొరికింది. ల్యాప్‌టాప్ లేదు. గంటలోపే ఏజెంట్ దయానంద్‌కు చీఫ్ పంకజాక్షి ఫోన్ చేసింది.

"పాకాల కొత్త సబ్‌స్టేషన్. పదకొండుకు వోల్టేజ్‌ను నిలబెట్టే కెపాసిటర్ బ్యాంక్ ఆన్ చేస్తారు. బాలచంద్ర డిజైన్‌ను విదేశీ ముఠా మార్చింది. ఏం మార్చిందో తెలీదు. ఇంజినీర్ రూపశ్రీని కలువు."

"మన మనిషేనా?"

"వాళ్ళ మనిషి కూడా."

పదిన్నరకు దయానంద్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో లోపలికి వెళ్ళాడు. యార్డులో స్విచ్ హ్యాండిల్ పక్కన ఆపరేటర్ కుప్పయ్య నిలబడి ఉన్నాడు.

"యాడ నుంచి సార్?"

"చిత్తూరు."

"బిన్నా సూసుకోండి సార్, ఆలస్యం సెయ్యొద్దు. ఎండకు తల మాడతా ఉండాది."

కంట్రోల్ రూమ్‌లో రూపశ్రీ. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన అత్తరు. స్విచ్ వేశాక వోల్టేజ్ ఎలా మారుతుందో స్క్రీన్ మీద గీత చూపుతోంది. గీత నున్నగా ఉంది. అంత నునుపు దయానంద్‌కు నచ్చలేదు. ఏది అడిగినా తడుముకోకుండా అబద్ధమాడే మనుషులను అతను చాలామందిని చూశాడు.

"టైమ్ స్టెప్ ఎంత?"

"ఐదు మిల్లీసెకన్లు."

అంటే ఐదు మిల్లీసెకన్లకు ఒక చుక్క. కంప్యూటర్ ఆ చుక్కలను కలుపుతుంది. మధ్యలో ఏం జరిగినా దాని దృష్టిలో జరగనట్టే.

దయానంద్ పెన్ను విప్పి, అందులోని లాక్ తెరిచే పెన్‌డ్రైవ్‌ను ఆమె ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు. స్టెప్‌ను వందో వంతు చేసి లెక్క మళ్ళీ నడిపాడు.

బల్ల మీద స్టీలు క్యారియర్ మూత తీయకుండా ఉంది.

"ఎవరిది?"

"కుప్పయ్యన్నది. రోజూ నాకూ టిఫిన్ తెస్తాడు."

"ఈరోజు తినలేదే?"

రూపశ్రీ క్యారియర్‌ను పక్కకు జరిపింది. కుప్పయ్య కనిపించే కిటికీ వైపు చూడలేదు.

స్క్రీన్ మీద గీత ఒక్కసారిగా నిట్టనిలువునా లేచింది. మామూలుకు మూడు రెట్లు.

"కరెంటు దూకుడును ఆపే రియాక్టర్‌ను తీసేశారు. అది బయటపడకుండా స్టెప్ పెంచారు. బ్యాంక్ పేలితే స్విచ్ దగ్గరున్న కుప్పయ్య బతకడు."

"నేనొక అంకె మార్చినాను. ఎవర్నీ తాకలేదు."

పది యాభై తొమ్మిది. దయానంద్ కిటికీ తెరిచి, ఆపమని కేక వేశాడు.

"ఇంజినీరమ్మ సెప్పాల సార్. మీరు గాదు." కుప్పయ్య చెయ్యి హ్యాండిల్ మీద పడింది.

యార్డులోకి యాభై అడుగులు. పరుగెత్తినా అందదు. దయానంద్ రూపశ్రీ వైపు తిరిగాడు.

ఆమె కళ్ళద్దాలు తీసింది.

"కుప్పయ్యన్నా, చెయ్యి తియ్."

చెయ్యి దిగింది.

రూపశ్రీ చేతులకు బేడీలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు కుప్పయ్య. దయానంద్ చెప్పింది విని, మూత తీయని క్యారియర్ వైపు చూశాడు.

"అంటే ఇంతమంది సదువుకున్నోళ్ళు లెక్క సరిసూసేది నేను స్విచ్ పట్టుకున్నాకనా సార్?"