ఎదురుగాలి లోయలో పైడి

పింగళదేశం ఎక్కడుందని పటంలో వెతక్కండి పిల్లలూ, దొరకదు. మనం సైకిలంటున్నామే, దాన్ని ఆ దేశంలో జంటచక్రం అనేవారు. కర్ర చక్రాలు, వాటికి తోలుపట్టీలు. రాజుగారి జాబులను ఊరూరికీ చేరవేసే వేగరులు వాటి మీదే తిరిగేవారు. వేగరులందరూ ఆడవాళ్లే. మగవాళ్లు దారిలో కనబడిన ప్రతివాడితోనూ కబుర్లకు కూర్చుంటున్నారని ఎప్పుడో ఒక రాణిగారు వాళ్లను కొలువులోంచి తీసేసింది.

ఆ దేశానికి పెద్ద కష్టం వచ్చిపడింది. దేశమంతటికీ ధాన్యం పండించే రేగడిలోయలోకి ఝంఝుడనే గాలిరాక్షసుడు చొరబడి, ఏడు ఊళ్ల జనాన్నీ మాయం చేశాడు. పొలాలు బీడుపడ్డాయి, గాదెలు ఖాళీ అయ్యాయి. "ఎదురుగాలిని దాటి లోయ అవతలి గట్టు చేరే వేగరి వల్లనే ఈ శాపం విరుగుతుంది" అని ఆస్థానంలో ఉన్న ముని చెప్పాడు. వెంటనే రాజు విజయపాలుడు ఏటేటా పందెం పెట్టించి, అందరికంటే ముందు గట్టు చేరినవారికి లోయ మీద ఏలుబడి ఇస్తానని చాటింపు వేయించాడు. రాజు మంచివాడే. కానీ ఆ చివరి మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో!

ఎందుకంటే, అంతకుముందు వేగరులు బారుగా వెళ్లేవారు. ముందున్న మనిషి గాలికి అడ్డం కాస్తే వెనకవాళ్లు సులువుగా తొక్కేవారు. ముందు మనిషి అలసిపోతే మోచెయ్యి ఒక్కసారి విదిలించేది. రా, నీ వంతు అని దానికి అర్థం. అప్పుడు వెనకామె ముందుకు వచ్చేది. ఏలుబడి మాట చెవిన పడ్డాక ఆ పద్ధతి కాస్తా పోయింది. గాలి మనం కాస్తే పందెం ఇంకొకరు గెలుస్తారని అందరికీ భయమే.

మొదటి ఏడు ఎవరూ ముందుకు రాకపోతే మరిడి అనే వేగరి ఒంటరిగా లోయలోకి వెళ్లింది. తిరిగి రాలేదు. ఆ తరువాత వెళ్లినవాళ్లూ రాలేదు.

మరిడికి ఒక్కగానొక్క చెల్లెలు పైడి. తల్లీ తండ్రీ లేని ఇల్లు. మూడేళ్లుగా పైడి అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా వండేది, సగం మిగిలితే మర్నాడు అదే తినేది. లోయ మీద ఏలుబడి ఆమెకెందుకు? ఆమెకు తన అప్ప, అదే అక్క, కావాలి. అందుకే నాలుగో ఏడు పందెంలో పేరు ఇచ్చింది.

బయలుదేరినవారు నలభైమంది. లోయ మొదట్లో గాలి తగలగానే అందరూ నెమ్మదించారు.

"వొంతులేసుకుందాం రండే. అందరం దాటిపోతాం" అని పైడి బతిమాలింది.

"నువ్వెల్లు. నీ ఎనకాలే మేమొత్తాం" అంది రత్నాలు అనే పెద్ద వేగరి.

పైడి నమ్మి చాలాదూరం గాలి కాసింది. రొప్పుతూ వెనక్కి చూస్తే ఒక్కరూ లేరు. అందరూ ఎక్కడో దూరాన చెట్ల నీడలో దిగి, ఎవరు ముందు లేస్తారా అని ఒకరినొకరు కాపలా కాసుకుంటున్నారు. పైడికి ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు.

మొదటి మలుపులో ఎడ్లబండంత ముళ్లపంది దారికి అడ్డంగా పడుకుని ఉంది.

"తిరుగెల్లు! నా ముల్లొక్కటి సాలు, నీ సక్రం తోలు పీలికలైపోద్ది" అని గుర్రుమంది.

"అయితే నడిసెల్తాను. కాస్త జరుగు తాతా."

"తాతేటి? ఎవులికి తాత?"

"పెద్దోడివి గదా. మరేటని పిలవాల?"

ముళ్లపంది కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే ముళ్లు గుచ్చుకుంటాయని అలాగే ఊరుకుంది. వందేళ్లుగా దాన్ని వరస పెట్టి పిలిచినవాళ్లు లేరు. "కూసింతసేపు కూకోయే" అంది. పైడి కూర్చుంది. చాన్నాళ్లు ఒంటరిగా ఉన్నవాళ్లకు మాటలు వెంటనే రావు. చివరికి ముళ్లపంది పక్కకు జరిగి, "ఆడు ఊదే ఊపిరి ఆడిది కాదే. మింగిన మనుసులదే" అని చెప్పి సాగనంపింది.

తరువాత ఊళ్లు వచ్చాయి. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. రోకళ్లు రోళ్లలోనే నిలబడి ఉన్నాయి. ఒక అరుగు మీద సగం అల్లిన బుట్ట ఉంది. పైడి ఉండబట్టలేక, "అమ్మా, నాను పైడిని. పందేనికి ఎల్తన్నాను" అని ఒక గుమ్మం ముందు పలకరించింది. ఖాళీ ఇల్లు ఆ మాటనే తిరిగి పలికింది. తన గొంతు తనకే భయమేసి, మిగతా ఊళ్లన్నీ నోరు మూసుకుని దాటింది.

ఏడో ఊరి పొలిమేరలో ఆకాశమంత ఎత్తున ఝంఝుడు లేచాడు.

"ఓసి అల్పురాలా! నీ వెనక ఎవరున్నారని ఇంతదూరం వచ్చావు?"

"ఎవుల్లేరు" అంది పైడి. ఉన్నమాటే అంది.

ఝంఝుడు పగలబడి నవ్వి, బుగ్గలు నింపి ఊదాడు. గాలి నాలుగువైపుల నుంచీ కొట్టింది. అందులో ఒక పాయ మాత్రం వదలకుండా పైడి గుండెల మీదే తోస్తోంది. చక్రం వెనక్కి జారుతోంది. ఇక చాతకాదనుకున్న క్షణంలో ఆమె మోచెయ్యి దానంతటదే విదిలించుకుంది. లేని మనిషిని పిలిచినందుకు పైడికి సిగ్గేసింది, ఆ వెంటనే దుఃఖం ముంచుకొచ్చింది.

అప్పుడు పక్కనే దుమ్ము సుడి తిరిగింది. అందులోంచి పోయినేడు మాయమైన వేగరి ఒకామె తన జంటచక్రంతో సహా బయటపడి, పైడికి ముందు నిలిచింది. గాలి ఒక పిసరు తగ్గింది.

పైడికి ముళ్లపంది మాట తలకెక్కింది. ఇంతసేపూ తను ఎదిరించింది రాక్షసుణ్ణి కాదు, పిలిచేవాళ్లు లేని మనుషులను. మళ్లీ చెయ్యి విదిలించింది. ఒక రైతు వచ్చాడు. మళ్లీ విదిలిస్తే చంకలో మేకపిల్లతో ఒక అవ్వ వచ్చింది. ఏడు ఊళ్ల జనమూ ఒక్కొక్కరే వచ్చి ముందు నిలబడుతుంటే ఝంఝుడు తరిగిపోతూ, తిట్లు లంకించుకుని, చివరికి ఆవలింతంత మిగిలి, అదీ లేకుండా పోయాడు.

అందరూ వచ్చారు. మరిడి రాలేదు. గుండెల మీద తోసే ఆ ఒక్క పాయ మాత్రం ఇంకా ఆగలేదు.

"అప్పా?" అంది పైడి.

గాలి తడబడింది. "ఎందుకొచ్చినావే? తిరిగెల్లిపోతావని పొద్దున్నించి ఊత్తన్నాను. నీకేటైనా అయిపోతే?"

"ఇంకేటవ్వాలే? మూడేళ్లు ఒక్కద్దాన్నే ఉన్నాను. అంతకంటే ఏటవుద్ది?"

గాలి ఆగిపోయింది. దుమ్ములోంచి మరిడి నడిచొచ్చి చెల్లెలి తల నిమిరింది. పైడి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. గాలి తగ్గిందని తెలిసి రత్నాలూ మిగతావాళ్లూ తలలు దించుకుని వచ్చారు. పైడి కాస్త జరిగి వాళ్లకూ బారులో చోటిచ్చింది.

అందరూ కలిసి అవతలి గట్టు చేరేసరికి, లోయను చుట్టి వచ్చిన రాజు అక్కడ కిరీటం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ముందెవరు చేరారని అడిగితే పైడి "మా అప్ప" అంది, మరిడి "మా సెల్లి" అంది. ఎన్నిసార్లడిగినా అదే జవాబు. రాజు విసుగెత్తి, ఏడాదికొకరు చొప్పున ఏలుకోమని కిరీటం ఇద్దరి చేతుల్లోనూ పెట్టేశాడు. లోయ మళ్లీ పండింది, దేశం కడుపునిండా తిన్నది.

పైడి తన వంతు వచ్చినప్పుడల్లా చల్లగా ఏలింది. కానీ మిట్టమధ్యాహ్నం ఎప్పుడైనా గాలి లేస్తే, చేస్తున్న పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. లోపల అప్ప గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడ్డాకే మళ్లీ వెళ్లి కూర్చునేది.