ఇరవై ఒకటి నిండని పెళ్ళికొడుకు

అనకాపల్లి ఆధార్ సెంటర్లో తన వంతు రాగానే లోహిత్ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. అవతల కంప్యూటర్ ముందున్నది ధనశ్రీ. ఏడాదిగా అతను ప్రేమిస్తున్న అమ్మాయి.

"పుట్టిన సంవత్సరం ఒకటి ఎనక్కి జరపాల," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏటి, పిచ్చెక్కిందా?"

"మీ నాన్న వచ్చే నెల్లో నీకు సంబంధం కాయం సేసెత్తాడన్నావు కదా. రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగేను. మగోడికి ఇరవై ఒకటి నిండాలంట. నాకింకా ఏడు నెల్లు తక్కువ. ఓటేసేను, లైసెన్సుంది, ట్రాక్టర్ ఇంజనంతా ఇప్పి బిగిత్తాను. పెళ్ళికి మాత్రం మైనర్నంట."

ధనశ్రీకి ఇరవై రెండు. నవ్వు ఆపుకుంటూ వినడం మొదలుపెట్టి, మధ్యలోనే మొహం గంభీరంగా పెట్టింది.

"నువ్వు నాకన్నా చిన్నోడివని నాకెప్పుడూ అనిపించలేదు లోహిత్. ఇప్పుడనిపించింది. దొంగ తేదీ వెయ్యమని నా సీటు దగ్గరికే వచ్చేవు."

కార్డు వెనక్కి తోసి, "తర్వాతెవరండీ?" అంది.

బయట జల్లు పడుతోంది. ముందు కోపమొచ్చింది లోహిత్‌కి. బస్ కాంప్లెక్స్ దాకా తడుచుకుంటూ నడిచేసరికి ఆ కోపం సిగ్గుగా మారింది. రెండు రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు బండి తీసుకుని కె. కోటపాడు వెళ్ళాడు. ధనశ్రీ తండ్రి బంగారయ్య తోటలో చెరకు గడల ఎండాకు తీస్తున్నాడు.

"బాబూ, నా పేరు లోహిత్. మునగపాకలో ట్రాక్టర్లు రిపేరు సేత్తాను. మీ ధనశ్రీ, నేను ఇష్టపడ్డాం. ఆమెకన్నా రెండేళ్ళు సిన్నోణ్ణి. పెళ్ళీడు రావడానికి ఇంకా ఏడు నెల్లుంది. అందాకా ఆగమని అడగడానికి వచ్చేను."

బంగారయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"మా పిల్ల ఆధార్ సెంటర్లోనే ఉంది కదా. తేదీ మార్పించేసుకోలేకపోయేవా?"

"అడిగేను. తిట్టి పంపేసింది."

బంగారయ్య మీసాల్లో నవ్వు కదిలింది. చేతిలోని ఎండాకు కింద పడేశాడు.

"ధనశ్రీ అమ్మని నాకు కట్టబెట్టినప్పుడు ఆవిడికి పదిహేనేళ్ళు. పీటల మీదే నిద్రపోయింది. వయసేటని ఒక్కడూ అడగలేదు. ఎన్నేళ్ళో నన్ను సూత్తేనే బయపడేది."

అప్పుడే లోహిత్ ఫోన్ మోగింది. ధనశ్రీ.

"ఎక్కడున్నావు?"

"మీ సెరుకుతోటలో. మీ నాన్నకి అంతా సెప్పేసేను."

"వయసు కూడానా?"

"అదీ సెప్పేను."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో లోహిత్‌కి తెలియలేదు. బంగారయ్య చెయ్యి చాచి ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, ఆ సంబంధమోళ్ళకి నేను సెప్పుకుంటాన్లే. ఏడు నెల్లేగా. మీ అమ్మకి ఫోన్ సేసి ఇంకో సోలెడు బియ్యం పొయ్యమను. ఈ కుర్రోడు మనింట్లో తింటాడు."

లోహిత్ చొక్కా చేతులు మడిచి, ఎండాకు తియ్యడానికి పక్క సాలులోకి దిగాడు.