వేడి సరిపోయిందా?

ఎల్‌బీనగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అత్త కాలు కడగడంతోనే తెల్లవారేది. దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగులు ముప్పై ఏళ్ల కిందటే అండాలమ్మ ఎడమకాలిని బోదకాలుగా మార్చాయి. మడతల్లో పుండ్లు పడకుండా దాన్ని కడిగి, అద్ది ఆరబెట్టడం ఎనిమిదేళ్లుగా కోడలు యాదలక్ష్మి పని. ఆ ఉదయం టబ్బులో నీళ్లు పోసి వేడి సరిపోయిందా అని అడిగింది. అండాలమ్మ పాదం ముంచి, సరిపోయిందన్నది. అంతలో నల్లా వచ్చిందని యాదలక్ష్మి బిందెలతో కిందికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి అత్త తానే కాలు కడుక్కుని దాని మీదికి చీర లాక్కుంది.

మధ్యాహ్నానికి పాదం బొబ్బలెక్కింది. దిల్‌సుఖ్‌నగర్ దారిలో షేర్ ఆటో నడిపే జగన్ అన్నానికి వచ్చి తల్లి కాలు చూశాడు.

"గింత వేడినీళ్లు ఎవరన్న పోస్తరా? మనిషి కాలనుకున్నవా, ఏమనుకున్నవ్?"

యాదలక్ష్మి పొద్దున నీళ్లు పోసిన టబ్బు వైపు చూసింది. చన్నీళ్లు కలిపిందో లేదో ఎంత వెతికినా జ్ఞాపకం రాలేదు. అలసటకు ద్వేషంతో పోలిక ఉంటుంది. తనకే తెలియని ఏనాటిదో కోపం తన చేతిలోకి దిగిందేమో. లేదని ప్రమాణం చేసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"అత్తమ్మను పెద్ద అంబర్‌పేట్‌ల మీ చెల్లె దగ్గరికి పంపు," అన్నది చివరకు. "నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

అండాలమ్మ అప్పుడు నోరు విప్పింది.

"దాని తప్పేం లేదురా. ఏడాది సంది ఆ పాదానికి ఏం తెల్వట్లే."

జగన్ నమ్మలేదు. కాలు సలుపుతోందని ఆమె మూలగడం రోజూ వింటున్నవాడే. సలుపు మోకాలి దగ్గరని, పాదం మొద్దుబారిందని ఆమె చెప్పింది. ఏళ్ల తరబడి వాపు నొక్కడంతో నరాలు చెడిపోయాయని డాక్టరు నిరుడే అన్నాడట. ఎందుకు దాచావని అడిగితే తల వంచుకుంది.

"కడుగుడుతోనే దాని నడుము పోతున్నది. ఇంగ కాపలా గూడ కాయమంటనా?"

కొడుకు ముఖంలో సందేహం పోలేదు.

"కండ్లు మూసుకుంట. పట్టుకొని చూడు."

జగన్ నేల మీద కూర్చుని, బొబ్బలు లేని మడమను రెండు చేతులా పట్టుకున్నాడు. నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"పట్టుకోరా," అన్నది అండాలమ్మ, కళ్లు మూసుకునే. "ఎందుకు ఆగినవ్?"

జగన్ చేతులు తీయలేదు. భార్య వైపు తలెత్తనూ లేదు. యాదలక్ష్మి వచ్చి అతని పక్కనే కూలబడింది. తన చేతిలో ద్వేషం లేదని తెలిసి ఏడుస్తోందో, ఆ చేతికి ఇక విశ్రాంతి లేదని ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. కొంతసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆటో తియ్యి," అన్నది. "అత్తమ్మను దవాఖానకు తీస్కపోదాం."