కంపాస్ బాక్సులో వాగ్దానం

ఒంటిపూట బడి వదిలేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. వందన తమ్ముడి చెయ్యి పట్టుకుని గబగబా నడిచింది. చింటూ ఒకటో తరగతి. సగం దూరం వాడు నడిచాడు, సగం దూరం అక్క లాక్కొచ్చింది.

ఆ రోజు శుక్రవారం. సౌదీలో శుక్రవారం సెలవు. అక్కడ పనిచేసే నాన్న, వాళ్ళ బాపు, ఇంటికి ఫోన్ చేసే రోజు.

ఇంటి అరుగు మీద అవ్వ, అంటే వాళ్ళ అమ్మ, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చాట అంచున ఫోను నిలబెట్టి ఉంది. చేతులు తునికాకు మీద ఉన్నాయి, కళ్ళు ఫోను మీద ఉన్నాయి.

"బాపు ఫోన్ చేసిండా అవ్వా?"

"చెయ్యలే."

ఇది ఏడో శుక్రవారం. మొదటి వారం నెట్ లేదేమో అనుకున్నారు. రెండో వారం డ్యూటీ పడిందేమో అనుకున్నారు. మూడో వారం నుంచి ఏమీ అనుకోవడం మానేశారు. వీళ్ళు ఫోన్ చేస్తే ఎవరో ఒకామె అరబ్బీలో ఏదో చెప్పి పెట్టేసేది. "మా బాపును పిలువు" అని చింటూ ఆమెకు రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె వినిపించుకోలేదు.

"అక్కా, బాపు వస్తడా?" అని అడిగాడు వాడు, బ్యాగు కూడా దించకుండానే.

"వస్తడు. కార్డు వచ్చింది గద."

ఈ మాట అన్నప్పుడల్లా వందన తమ్ముడి ముఖం చూడలేకపోయేది. ఎందుకంటే ఆ కార్డు వచ్చింది కాదు. వందన తెచ్చింది.

వాళ్ళ ఊరు హుజూరాబాద్‌కు దగ్గర. చర్చి ఊరి చివర ఉంటుంది, రేకుల కప్పు. ప్రతి జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక పాస్టరయ్య గారి భార్య మమతారాణి అమ్మగారు స్టీలు పళ్ళెంలో కార్డులు బోర్లించి తెస్తారు. పాత పెండ్లికార్డులు కత్తిరించి, వాటి వెనక ఒక్కో బైబిలు వాక్యం స్కెచ్ పెన్నుతో రాస్తారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి ఒక్కటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం. మార్చుకోకూడదు. ఊళ్ళో లేనివాళ్ళ కార్డు ఇంట్లోవాళ్ళు తీస్తారు.

బాపు కార్డు ఎప్పుడూ వందనే తీసేది. "నా బిడ్డ చెయ్యి మంచిది" అనేవాడు బాపు.

ఈసారి ఆ మంచి చేతికి వచ్చిన కార్డులో చీకటి లోయ ఉంది. ఆ లోయలో నడిచేవాడి పక్కన దేవుడు తోడుంటాడని కూడా ఉంది. కానీ వందన కంటికి లోయ కనిపించింది, తోడు కనిపించలేదు. బాపు ఎత్తయిన బిల్డింగుల మీద పని చేస్తాడు. అలాంటి మనిషికి లోయ ఎందుకు? వందనకు చాలా భయం వేసింది. ఆ కార్డును గౌను జేబులోకి తోసింది. అమ్మగారు వెనక వరుస నుంచి తిరిగి వస్తుంటే పళ్ళెంలో ఇంకోటి తీసింది.

అది మంచిది. వెళ్ళినవాణ్ణి క్షేమంగా తిరిగి ఇంటికి చేరుస్తానని దేవుడు చెప్పిన మాట.

ఆ మధ్యాహ్నమే బాపుకు ఫోన్‌లో చదివి వినిపించింది. బాపు సంతోషం అంతా ఇంతా కాదు.

"అయితే ఏప్రిల్‌ల లీవు పెడుత బిడ్డా. దేవుడే చెప్పినంక ఇగ ఫికర్ ఏంది?"

చింటూకు రిమోట్ కారు కొంటానన్నాడు. తన రూములో ఉండే అందరికీ చెబుతానన్నాడు. అవ్వ ఆ కార్డును బాపు ఫొటో ఫ్రేముకు గుచ్చింది. రోజూ పొద్దున దాన్ని తాకి ప్రార్థన చేసేది. మొదటి కార్డు మాత్రం వందన కంపాస్ బాక్సు అడుగున, స్కేలు కింద ఉండిపోయింది.

ఆ శుక్రవారం మూడు గంటలప్పుడు ఫోన్ మోగింది. బాపు నంబరు కాదు. అవ్వ చేతులకు తంబాకు ఉంది, అందుకని వందన స్పీకర్ నొక్కింది.

"బాలలక్ష్మీ, నేను హనుమండ్లును."

హనుమండ్లు పక్క ఊరాయన. బాపు ఉండే చోటే పనిచేస్తాడు.

"చెప్పు అన్నా. చింటూ వాళ్ళ బాపు ఎట్లున్నడు?" అంది అవ్వ.

"జర ధైర్యంగ ఉండు చెల్లె. మల్లేష్ కిందపడ్డడు. మూడో అంతస్తు మీద పని చేస్తుంటె కాలు జారింది. ఏడు వారాలైంది."

అవ్వ చేతిలోని తునికాకు చిరిగింది.

"నడుం బొక్క విరిగింది. ఆపరేషన్ చేసిండ్రు. పానానికి ఏం లేదు గని, కాళ్ళు కదుల్తలేవు. ఇంట్ల చెప్పొద్దని నాతోటి ఒట్టు వెట్టించుకున్నడు. లేచి నిలవడ్డంక తనే చెప్త అన్నడు. ఇగ నేనే ఆగలేకపోయిన."

"లేస్తడా అన్నా?"

"డాక్టర్లు ఏం చెప్తలేరు చెల్లె."

ఫోన్ పెట్టేశాక అవ్వ లేచి నిలబడింది. చాట ఒళ్ళోంచి జారి ఆకులన్నీ అరుగు మీద పడ్డాయి. ఆమె వాటి మీద నుంచే నడిచి లోపలికి వెళ్ళింది. ఫొటోకు ఉన్న కార్డును అరచేత్తో అదిమి పట్టుకుంది.

"నువ్వే గద అన్నవ్ తండ్రీ. ఇంటికి తెస్తనన్నవ్. నువ్వే గద అన్నవ్."

అవ్వ ఏడవలేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. వందన గుమ్మం దగ్గర నిలబడి విన్నది.

బడిలో ఎవరైనా కాపీ కొడితే సారు సున్నా వేస్తారు. దేవుడు కూడా అలాగే చేశాడని వందన అనుకుంది. కాపీ కొట్టింది తను, సున్నా పడింది బాపుకు.

ఆ రాత్రి ఆమె ప్రార్థన చేయలేదు. ఏ ముఖం పెట్టుకుని చేయాలో తెలియలేదు. శనివారం కూడా చేయలేదు.

ఆదివారం సండే స్కూల్ అయ్యాక పిల్లలందరూ బిస్కెట్లు తీసుకుని వెళ్ళిపోయారు. అమ్మగారు చాపలు చుడుతున్నారు. వందన ఒక చాప కొస పట్టుకుంది.

"అమ్మగారూ, ఎవరన్న వాగ్దానం కార్డు మారిస్తె దేవుడు శిక్షిస్తడా?"

అమ్మగారు వందనను చూశారు. ఎవరు మార్చారని అడగలేదు.

"గా కార్డులు నేనే కోసిన బిడ్డా. మన లింగవ్వ బిడ్డ పెండ్లికార్డులు మిగిల్తె కోసిన. మా ఇంట్ల కత్తెర మొద్దుది, ఒక్కటి సుత సక్కగ రాలే. గంత చిన్న ముక్కల దేవుడు పడతడా?"

"మరి మంచి కార్డు వస్తె మంచి జరగదా?"

అమ్మగారు చాప మీద కూర్చుండిపోయారు.

"ఒక ఏడు నాకు ఆరోగ్యం కార్డు వచ్చింది. గా ఏడే మా పెద్దోడు జ్వరమచ్చి పోయిండు. నీ అంత ఉండె. దేవునితోటి మస్తు కొట్లాడిన."

"ఇప్పుడు కొట్లాడతలేరా?"

"ఇప్పటికీ ఒకోసారి కొట్లాడుత. ఎంత తిట్టినా లేచి ఎల్లిపోలే ఆయన. నా పక్కన్నే కూసున్నడు. గదొక్కటే నాకు తెల్సు బిడ్డా, ఇంకేం తెల్వది."

అమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వందనకు అన్నీ అర్థం కాలేదు. చాపలు మూలకు పెట్టి ఇంటికి వచ్చింది. దారంతా జేబులో చెయ్యి పెట్టుకునే నడిచింది, కార్డు అక్కడ లేకపోయినా.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఈసారి బాపే. ఇంట్లో తెలిసిపోయిందని హనుమండ్లు ఆయనకు చెప్పేశాడు.

ఎప్పుడూ బాపు గొంతు అరుగు మీద నుంచి వీధి చివరి దాకా వినిపించేది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఈ రోజు ఆ గొంతు వినాలంటే ముగ్గురూ ఫోను మీదికి వంగాల్సి వచ్చింది.

"తిన్నవా?" అని అడిగింది అవ్వ. ఇంకేమీ అడగలేకపోయింది.

"తిన్న."

"బాపూ, రిమోట్ కారు కొన్నవా?" అన్నాడు చింటూ.

"కొన్న కొడుకా. మంచం కింద ఉంది."

మంచం కింద ఉన్న కారును చేయి చాచి తీసుకోవడం కూడా బాపు వల్ల కాదని వందనకు తెలుసు.

"ఫికర్ చెయ్యకు," అంది అవ్వ. "దేవుడు నిన్ను తీసుకొస్తడు. కార్డు ఉంది గద."

"గా కార్డు ముచ్చట తియ్యకు."

బాపు అలా ఎప్పుడూ మాట్లాడలేదు. అవ్వ ఉలిక్కిపడింది.

"దేవుడు ఇంటికి తెస్త అన్నడు. గిప్పుడు మంచం దిగనిస్తలేడు. గంత నమ్మిన నేను. ఉత్తదే. నేనేడ పడి ఉన్ననో ఆయనకు తెల్వనే తెల్వది. మరిచిపోయిండు నన్ను. నేను ప్రార్థన బందు వెట్టిన."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వందనకు ప్రార్థన నేర్పింది బాపు. చిన్నప్పుడు రెండు చేతులూ పట్టుకుని, చేతులు ఎలా జోడించాలో చూపించింది బాపు. ఆ బాపు ప్రార్థన మానేశాడు. నడుం ఎముక విరిగిందన్న రోజు కన్నా వందనకు ఇప్పుడు ఎక్కువ భయం వేసింది.

నిజం చెబితే గోడ మీది కార్డు చెల్లదు. అవ్వకు మిగిలింది ఆ కార్డు ఒక్కటే. చెప్పకపోతే, దేవుడు తనకు అబద్ధం చెప్పాడని బాపు అక్కడ ఒంటరిగా అనుకుంటూ పడుకుంటాడు. దేవుడు చెప్పలేదు. చెప్పింది వందన.

ఆమె లోపలికి పరుగెత్తింది. బ్యాగు బోర్లించింది. కంపాస్ బాక్సు మూత బిగుసుకుపోయి ఉంది. గోరు విరిగినా లాగి తెరిచింది.

"బాపూ," అంది ఫోను దగ్గరికి వచ్చి. "గది నీ కార్డు కాదు."

"ఏంది బిడ్డా?"

"నీ కార్డు నా దగ్గర ఉంది. ముందు గిదే వచ్చింది. లోయ అని ఉంటె భయమై దాచిన. ఇంకోటి నేనే దొంగతనంగ తీసిన. ఇంటికొస్తవని దేవుడు చెప్పలే బాపూ. నేను చెప్పిన."

అవ్వ ఆమె వైపు చూసింది. వందన అవ్వ వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

"చదువుతున్న," అంది.

కార్డు అంచులు నలిగిపోయాయి. ఒక మూల పెన్సిల్ మసి అంటింది. వందన నెమ్మదిగా చదివింది. చీకటి లోయ దగ్గర గొంతు తగ్గించింది. తోడు అన్న మాట దగ్గర ఆగి, ఆ మాటను గట్టిగా చదివింది.

అటు వైపు నుంచి ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు వినిపించింది.

"మళ్ళ చదువు," అన్నాడు బాపు.

మళ్ళీ చదివింది.

"ఇంటికి తెస్త అని లేదా అండ్ల?"

"లేదు బాపూ. పక్కన ఉంట అనే ఉంది."

బాపు ఏడ్చాడు. పెద్దవాళ్ళు అంత గట్టిగా ఏడవడం చింటూ ఎప్పుడూ వినలేదు. వాడు వెళ్ళి అవ్వ వీపు వెనక దాక్కున్నాడు.

చాలాసేపటికి బాపు అన్నాడు, "గీ లోయ మస్తు పొడుగుంది బిడ్డా."

"కార్డు నేను దాచిన గని, దేవుణ్ణి దాయలేదు బాపూ," అంది వందన. "పడ్డనాడు సుత ఆయన నీ పక్కన్నే ఉండొచ్చు. కోపముంటె తిట్టు. లేచి ఎల్లిపోడట. అమ్మగారు చెప్పిండ్రు."

బాపు నమ్మాడో లేదో తెలియదు. కానీ ఫోన్ పెట్టేయలేదు. బ్యాలెన్స్ అయిపోయి అదే ఆగిపోయేదాకా అతని ఊపిరి వినిపిస్తూనే ఉంది.

వందన దెబ్బ కోసం ఎదురుచూసింది. అవ్వ కొట్టలేదు. లేచి ఫ్రేము నుంచి ఆ మంచి కార్డును తీసి చాలాసేపు చూసింది. "గా లోయ కార్డు నా చేతికి వచ్చినా నేను సుత దాచేదాన్నే," అంది. ఆ తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ఎనిమిది వారాల ఏడుపు అది. వందన దగ్గరికి జరిగితే, తంబాకు వాసన వచ్చే చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఫ్రేముకు ఇప్పుడు నలిగిన కార్డు ఉంది.

సోమవారం ఒంటిపూట బడి నుంచి వచ్చాక చింటూ అరుగు అంచున కూర్చున్నాడు. అవ్వ బీడీలు చుడుతోంది. ఫోను చాట అంచున ఉంది.

"అక్కా, బాపు వస్తడా?"

వస్తడు అన్న మాట వందన నాలుక మీదికి అలవాటుగా వచ్చేసింది. ఆమె దాన్ని మింగేసింది.

"తెల్వది రా."

చింటూ అక్కను కోపంగా చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంకో వైపు తిరిగి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

"జర జరుగు," అంది వందన.

వాడు జరగలేదు. మిగిలిన జానెడు చోటులోనే ఆమె ఇరుక్కుని కూర్చుంది. వాడు మోచేత్తో ఒక పోటు పొడిచాడు. ఆమె లేవలేదు. అరుగు బండ కాలుతోంది. ఎండ ఇద్దరి కాళ్ళ మీదికి వచ్చింది. కాసేపటికి వాడి తల ఆమె భుజం మీద పడింది.

అవ్వ అన్నానికి పిలిచేదాకా వందన అక్కడే ఉంది.