వెనక వరుస చివరి మనిషి

ఆ గురువారం మధ్యాహ్నం మా ఊరి మాజీ సైనికుల హాల్లో, పై అంతస్తులో, పాత ఫొటోలు ముందేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. కింద బార్లో క్యాబేజీ, నూడిల్స్ వెన్నలో వేగుతున్న వాసన. కిటికీ అవతల బొగ్గు గనిలోంచి తోడి పోసిన నల్లమట్టి గుట్ట, దాని మీద సన్నటి వాన. 1983 అక్టోబరు.

మా డ్రమ్ము-బ్యూగిల్ దళం మొదలై అరవై ఏళ్ళయిందని చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన గనివాళ్ళు, వాళ్ళ తమ్ముళ్ళు, కొడుకులు కలిసి కట్టిన దళం అది. దాన్ని నడిపింది మా అమ్మ తండ్రి, యూర్గిస్ తాతయ్య. అందుకే తొలి రోజుల్లో ఏ ఏడు ఎవరెవరున్నారో ఫొటోలు చూసి రాసే పని నా నెత్తిన పడింది. చిన్నప్పుడు పిల్లల దళంలో నేనూ ఆరేళ్ళు బ్యూగిల్, ఆ ఇత్తడి బాకా, ఊదాను.

ఫొటోలన్నీ నేలమాళిగలో ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. పదకొండేళ్ళ కింద వరదకి మునిగాయి. ఎవరూ తీసి ఆరబెట్టలేదు. మూత తీయగానే కుళ్ళిన గుడ్డల వాసన వచ్చింది. ఫొటోల మీది పూత ఉబ్బి, జిగటగా మారి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తుంటే పుండు మీంచి కట్టు లాగినట్టు చప్పుడు. కొన్నిసార్లు ఒకాయన ముఖం ఊడి ఇంకో ఫొటో వీపుకి అంటుకుని వచ్చేది. గంటకోసారి లేచి చేతులు కడుక్కుంటున్నాను.

ఆ పని సగంలో వదిలేసేదాన్నే. ఫిలమీనా ట్రెస్కో గారి ఉత్తరం వల్ల ఆగాను. ఆవిడకి అరవై ఏడేళ్ళు. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రిటైరైంది. వాళ్ళన్న లియో 1928 వసంతంలో దళంలో చేరాడట. ఆగస్టులో జ్వరమొచ్చి పోయాడట, పద్దెనిమిదేళ్ళకి. 'మా ఇంట్లో వాడి ఫొటో ఒక్కటీ లేదమ్మా. ముఖం మరిచిపోతున్నాను. నీకేమైనా దొరికితే ఆదివారం వచ్చి చూస్తాను' అని రాసింది.

1928 ఫొటో దొరికింది. జులై నాలుగు, స్వాతంత్ర్య దినం ఊరేగింపు అయ్యాక, హాలు మెట్ల మీద తీసింది. ముందు డ్రమ్ములు, వెనక రెండు వరుసల్లో బ్యూగిళ్ళు మోకాళ్ళ మీద పెట్టుకున్న మనుషులు, మధ్యలో కుర్చీలో తాతయ్య. వెనక పెన్సిల్‌తో ముప్పై ఒక్క పేర్లు. ఆఖరి పేరు లియో ట్రెస్కో.

వెనక వరుసలో చివర నిలబడ్డాడు. సన్నటి మెడ, పెద్ద టోపీ. చేతిలో బ్యూగిల్ లేదు. పెదాలు బిగించి ఉన్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి, నోటి నిండా ఏదో పట్టుకుని ఉన్నట్టు. కళ్ళలో నీళ్ళు. మిగతావాళ్ళందరూ కెమెరాని కాక అతన్ని చూసి నవ్వుతున్నారు. తాతయ్య మెడ తిప్పి మరీ నవ్వుతున్నాడు.

పంటి నొప్పేమో అనుకున్నాను.

తర్వాత 1929 ఫొటో తీశాను. వెనక ఇరవై తొమ్మిది పేర్లు. ఫొటోలో ముప్పై మంది. రెండుసార్లు లెక్కపెట్టాను... వెనక వరుస చివర, అదే మెడ. అదే టోపీ. బుగ్గలు ఇంకాస్త ఉబ్బాయి. ఈసారి అతన్ని చూసి ఎవరూ నవ్వడం లేదు. ఎవరూ అతని వైపే చూడటం లేదు.

1931లో మధ్య వరుసలో ఉన్నాడు. 1934లో డ్రమ్ముల పక్కకొచ్చాడు. చర్మం సాగి మెరుస్తోంది. కళ్ళు ఆ బుగ్గల్లో కూరుకుపోయాయి. 1938 నాటి ఫొటోలో తాతయ్య కుర్చీ వెనకే నిలబడి, ఆయన చెవి మీదికి వంగాడు. పెదాల మూల ఏదో కారుతోంది.

వరద మరకేమోనని వేలితో తుడిచాను. వేలికి తడి అంటింది. గోరువెచ్చటి తడి. వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది... ఇత్తడి, పొగాకు, నిలవ ఉమ్మి. బ్యూగిల్ ఊదినవాళ్ళెవరికైనా ఆ వాసన తెలుసు. ఊదుతుంటే ఊపిరి గొట్టంలో నీరవుతుంది. దానికి ఉమ్మి కలుస్తుంది. పాట అయ్యాక గొట్టం తిరగేసి దులిపేస్తాం.

ఫొటోలు పట్టుకుని కిందికి దిగాను. బార్లో మూల బల్ల దగ్గర కాజ్ మామయ్య ఒక్కడే తింటున్నాడు. తాతయ్య కొడుకు. డెబ్బై నాలుగేళ్ళు. ఆ రోజుల నుంచి మిగిలిన బ్యూగిల్‌వాడు ఆయనొక్కడే.

"ఆ తడి చెత్త నా పళ్ళెం పక్కన పెట్టకే అల్డోనా. తిననీ."

"మామయ్యా, లియో ట్రెస్కో ఎలా పోయాడు?"

ఫోర్కు ఆగింది. "గని కుర్రాడు. వానలో తడిశాడు. జ్వరం."

"పోయినవాడు పదేళ్ళ తర్వాత ఫొటోలో ఎందుకున్నాడు?"

ఆయన ఫొటో వైపు చూడలేదు. పళ్ళెం పక్కకి జరిపాడు. "నాన్న వెనకదాకా వచ్చాడా?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

అప్పుడు చెప్పాడు.

కొత్తవాడికి బాప్తిస్మం అనేవాళ్ళట. తాతయ్య పెట్టిన ఆచారం. ఊరేగింపు అయ్యాక అందరూ తమ బ్యూగిల్‌లో నీళ్ళు ఒక రేకు గ్లాసులోకి వంచేవాళ్ళు. కొత్తవాడు అది నోట్లో పోసుకుని, మింగకుండా ఉమ్మకుండా, దళం ఒక మార్చ్, అంటే కవాతు పాట, మొత్తం వాయించేదాకా నిలబడాలి. తర్వాత ఉమ్మేసేవాడు. అందరూ వీపు తట్టి బీరు పోయించేవాళ్ళు.

"నీకూ చేశారా?"

"చేశారు. వారం రోజులు అన్నం సయించలేదు. అయినా మరుసటేడు నేనూ వంచాను. అదే పాడుబుద్ధి."

"లియోకి?"

"మార్చ్ అయిపోయింది. నాన్న చెయ్యి దించలేదు. ఫొటో తీశాక ఉమ్ముదువుగాని అన్నాడు. ఫొటో తీశారు. మళ్ళీ వాయించమన్నాడు. మేం వాయించాం. ఆ పిల్లాడికి ఒక్కసారి ఎక్కిలి వచ్చింది. అదంతా లోపలికి, ఊపిరితిత్తుల్లోకి పోయింది. మెట్ల మీద పడి దగ్గుతుంటే మేం నవ్వుతున్నాం." మూతి తుడుచుకున్నాడు. "నాకు ఆ రోజు జలుబుగా ఉందే అమ్మడూ. చీమిడి కూడా అందులోనే వంచాను. తమాషాకి."

నేను తలుపు దాకా వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చాను. ఆయన చేతులే నాకు బ్యూగిల్ పట్టుకోవడం నేర్పాయి.

"ఆరేడు వారాలు ఈడ్చాడు. వాళ్ళమ్మకి వాన అని చెప్పాం. ముప్పై ఎనిమిదిలో ఆ ఫొటో తీసిన నెలకి నాన్న పోయాడు. మంచం మీదే. నోట్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పరుపు పిండితే బకెట్టు నిండింది. ఆ తర్వాత దళానికి ఫొటోలు లేవు. నేను తియ్యనివ్వలేదు."

"ఆదివారం లియో చెల్లెలు వస్తోంది. నువ్వే చెప్పాలి."

"చెప్తాను," అన్నాడు. "ఫొటో మాత్రం తియ్యకే."

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఫిలమీనా గారు బస్సులో వచ్చింది. నీలం టోపీ పెట్టుకుంది. చేతిలో బట్టలో చుట్టిన వాల్‌నట్ల రొట్టె ఉంది. ముందు 1928 ఫొటో ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"మావాడే. బుగ్గలేంటమ్మా అలా ఉన్నాయి?"

మామయ్య టోపీ తీసి నిలబడి చెప్పాడు. ఏదీ దాచలేదు. చీమిడి సంగతి కూడా చెప్పాడు. అయ్యాక ఆవిడ ఒకటే అడిగింది.

"ఏ మార్చ్ వాయించారు?"

మామయ్య నాలుగు ముక్కలు కూనిరాగం తీశాడు.

"అది వాడికిష్టం. ఇంట్లో ఈల వేసేవాడు," అంది. తర్వాత, పుస్తకం కోసమని నేను మెడలో వేసుకొచ్చిన కెమెరా చూసింది. "అమ్మాయ్, మా ఇద్దరికీ ఒక ఫొటో తియ్యి. ఆ రోజు మా అన్నయ్యని చూసి నవ్వినవాళ్ళలో ఈయనే మిగిలాడు."

"వద్దమ్మా," అన్నాడు మామయ్య.

"నిలబడు."

నిలబడ్డాడు. నేను కెమెరా ఎత్తాను. చిన్న అద్దంలోంచి ఇద్దరూ కనిపించారు... వెనక గోడ. ఇంకెవరూ లేరు. నొక్కాను.

మామయ్య పెదాలు బిగుసుకున్నాయి.

బుగ్గలు మెల్లగా ఉబ్బాయి. మొదట ఊపిరి బిగబట్టాడనుకున్నాను. ఉబ్బుతూనే ఉన్నాయి. మూతి మూల నుంచి సన్నటి తీగలా ఏదో కారింది. పసుపు, ఆకుపచ్చ. అందులో పొగాకు తునకలు. హాలంతా ఇత్తడి కంపు...

"ఉమ్మెయ్ మామయ్యా. ఉమ్మెయ్."

తల అడ్డంగా ఊపాడు. కళ్ళు బయటికొచ్చాయి. నేను వేళ్ళు పెట్టి పెదాలు విడదీయబోయాను. వెచ్చగా, జిగటగా నా అరచెయ్యంతా నిండింది. గోళ్ళ కిందికి దూరింది. అక్కడే నేల మీద వాంతి చేసుకున్నాను.

ఫిలమీనా గారు కదల్లేదు. టోపీ సర్దుకుని చూస్తూ నిలబడింది.

మామయ్య మింగాడు. ఒక గుటక. ఇంకొకటి. బుగ్గలు తగ్గవు. మళ్ళీ నిండుతాయి. మళ్ళీ గుటక. గొంతులో ముడి పైకీ కిందికీ ఆడుతోంది. ఎంతసేపో తెలియదు. ఒక మార్చ్ అయ్యేంతసేపు. తర్వాత ఆగిపోయింది. బల్ల దగ్గర కూర్చుని చేతి రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

ఫిలమీనా గారు 1928 ఫొటో సంచిలో పెట్టుకుని, రొట్టె బల్ల మీద వదిలి, బస్సుకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా ఇంట్లో గోడ మీద తాతయ్య పటం దించి చెత్తడబ్బాలో పడేశాను. చేతులు వేణ్ణీళ్ళతో, బట్టల సోడాతో రుద్దాను. చర్మం ఊడింది కానీ వాసన పోలేదు.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున పదింటికి ఆవిడ ఫోన్ చేసింది. మామయ్య అప్పుడు నా వంటింట్లోనే, నా ఎదురుగా, బీట్‌రూట్ సూప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆదివారం నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఏమీ తినలేదు. పెదాలు విడిపోనివ్వడం లేదు.

"ఫొటోకి చట్రం కట్టించానమ్మాయ్," అంది ఫిలమీనా గారు. గొంతు తేలిగ్గా ఉంది. "ఆ రోజు నాకు కళ్ళు సరిగ్గా కనపడలేదేమో. మావాడి బుగ్గలు బాగానే ఉన్నాయి. బ్యూగిల్ పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. ఎంత ముద్దుగా ఉన్నాడో."

"మంచిదండీ," అన్నాను.

"వెనక వరుస చివర ఒక ముసలాయన ఉన్నాడు చూడు, మూతి బిగించుకుని. ఆయన్ని నేను పోల్చుకున్నాలే."

నేను మామయ్య వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"ఒకటే అర్థం కాలేదు," అంది. "ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదిలారు. అక్కడెవరూ లేరు. మీ తాతయ్య, మిగతావాళ్ళు, అందరూ ఆ ఖాళీ వైపే చూసి నవ్వుతున్నారు. అదెవరి కోసమమ్మాయ్?"