బయటికి వచ్చిన సమయం

ఆ రంగుల మిల్లులో మురుగునీటి శుద్ధి చూసే ఆపరేటరుని అందరూ రూల్సు అనే పిలిచేవారు. పేరు ఊరికే రాలేదు. మిల్లు నీళ్ళు బయటి కాలవలోకి వదలాలంటే ప్రభుత్వ పర్మిట్ ఉండాలి. దానికి నలభై ఒక్క షరతులు. నలభై ఒకటీ ఆయనకి కంఠతా వచ్చు. అర్ధరాత్రి లేపి పదిహేడోది ఏమిటయ్యా అంటే కళ్ళు తెరవకుండానే అప్పజెప్పేస్తాడు.

"మా అక్క పుట్టినరోజు మాత్రం ఏడాదికోసారి నేనే గుర్తు చెయ్యాలి," అని బావమరిది ఆటపట్టించేవాడు.

వాడిదీ అక్కడే పని. ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి తీస్తాడు. తల్లి పోయాక అక్కే పెంచింది వాణ్ణి. ఇప్పటికీ అక్క ఇంట్లోనే, మేనకోడళ్ళ గదిలోనే పడక. మిల్లులో చేర్పించిన రోజున ఆవిడ మొగుడితో ఒక్క మాటే అంది. "నాకు పుట్టింటి నుంచి మిగిలింది వీడొక్కడే. మీ చేతుల్లో పెడుతున్నాను."

పర్మిట్ గడువు ఆ వారంతో అయిపోతోంది. మర్నాడు పొద్దున్నే తనిఖీకి అధికారిణి వస్తోందని మేనేజరు మధ్యాహ్నం భోజనాలయ్యాక చల్లగా చెప్పాడు. మొదటి ట్యాంకులో మూణ్ణెల్లకోసారి మడ్డి తీయాలన్నది షరతు. నాలుగో నెల నడుస్తోంది. అప్పుడు మొదలయ్యాయి ఉరుకులూ పరుగులూ.

ట్యాంకులోకి మనిషి దిగితే ఒక కాగితం నింపాలి. దిగేదెవరు, పైన కాపలా ఎవరు, లోపలి గాలి ఎలా ఉంది, ఎన్నింటికి దిగాడు, ఎన్నింటికి బయటికి వచ్చాడు. ఇక్కడే ఉంది తిరకాసు. అంత నియమాల మనిషీ ఆ కాగితం మాత్రం ముందే నింపేసేవాడు. మడ్డి చేతులతో ముట్టుకుంటే మరకలవుతాయట, అధికారులకి మరకలు గిట్టవట! గాలి పరీక్షించే యంత్రంలో బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది. ఆ గడిలో "బాగుంది" అని రాశాడు. దిగింది నాలుగున్నర. బయటికి వచ్చింది ఐదూ నలభై. కింద సంతకం పెట్టి, కాగితాన్ని గోడ మేకుకి తగిలించాడు.

"ఇంకా దిగనే లేదు, అప్పుడే పైకి లాగేశావా బావా?" నడుముకి తాడు కట్టుకుంటూ నవ్వాడు బావమరిది.

"వాగుడు ఆపి దిగరా. చీకటి పడకముందే అయిపోవాలి."

దిగాడు. బయట మబ్బు కమ్మింది. షెడ్డు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. మూత తెరిచిన చోట కుళ్ళిన కోడిగుడ్ల వాసన, దాంతోపాటు నీలిరంగు ఘాటు. కింద పార గీరుకుంటున్న చప్పుడు. బకెట్ నిండుగా పైకి వస్తోంది, ఖాళీగా కిందికి పోతోంది. రూల్సు టైము లెక్క మర్చిపోయి ఆ పనిలో పడిపోయాడు.

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. ఏమిటా అని ఆలోచిస్తే తెలిసింది. వాసన రావడం లేదు.

మడ్డిలోంచి లేచే ఆ విషపు గాలి ముదిరిందంటే ముందు ముక్కు చస్తుంది. మనిషి తర్వాత.

పార చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఒరేయ్..."

రంధ్రం మీదికి వంగాడు.

"ఒరేయ్, పలకరా!"

తాడు లాగాడు. ఎక్కడో చిక్కుకున్నట్టు బిగుసుకుపోయింది. కేక వేద్దామంటే అటు మిల్లు యంత్రాల హోరు. గోడ గడియారం ఐదూ నలభై చూపిస్తోంది.

వెనకనుంచి తడి అడుగుల చప్పుడు...

తిరిగి చూశాడు. బావమరిది! తల నుంచి పాదాల దాకా నీలం మడ్డి. నిలబడి ఉన్నాడు, అంతే.

"నీ దుంపతెగ, ఎప్పుడెక్కావురా! ప్రాణం పోయినంత పనైంది నాకు." రూల్సుకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

వాడు మూత వైపు ఒక అడుగు వేశాడు. నడుముకి తాడు లేదు.

రూల్సు చేతిలో తాడు కదిలింది. ఒకసారి... రెండోసారి...

"బావా..." ట్యాంకు అడుగు నుంచి, సన్నగా. "లాగు... బావా..."

ఎదుట నిలబడ్డవాడు వంగి, ఇద్దరు మనుషులు ఎత్తే ఇనప మూతని ఒంటిచేత్తో ఎత్తాడు. రంధ్రం మీదికి జరపబోయాడు.

"ఆగరా... కింద... కింద ఎవరో..."

"ఎవరూ లేరు బావా," వాడు గుసగుసగా అన్నాడు. "నేను వచ్చేశాను. నువ్వే రాశావుగా."

పర్మిట్టూ లేదు, ఉద్యోగమూ లేదు, ఆ క్షణాన ఆయనకి పెళ్ళాం మొహం ఒక్కటే కనిపించింది. ఎగిరి మేకు మీది కాగితం లాగి పరపరా చింపేశాడు. ఢామ్మని మూత నేల మీద పడింది. పక్కన ఎవరూ లేరు. నీలం అడుగులు మాత్రం గేటు వైపు వెళ్ళి, వానలో కలిసిపోయాయి.

ఒంట్లో బలమంతా కూడదీసుకుని తాడు లాగాడు. చిక్కు వీడింది. బావమరిది దగ్గుతూ, కక్కుకుంటూ పైకొచ్చాడు. మిల్లు నర్సు పరుగెత్తుకొచ్చి ఆక్సిజన్ పెట్టింది. రెండు గంటలు కదలనివ్వలేదు. "గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్ళండి," అంది చివరికి. రేపు అధికారిణికి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని రూల్సు ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య తలుపు ఓరగా తీసి, నోటి మీద వేలు పెట్టింది.

"మెల్లగా... ఇప్పుడే పడుకున్నాడు. చాలాసేపైంది వచ్చి. ఒళ్ళంతా ఆ నీలమే, ఎంత కడిగినా వదల్లేదు. ఏం చేయించారండీ వాడి చేత, నోరు విప్పి మాట్లాడనైనా మాట్లాడడు. పిల్లలిద్దరి మధ్యా దూరి పడుకున్నాడు."

రూల్సు భుజం పట్టుకుని వెనక నిలబడ్డవాడు నీరసంగా తల ఎత్తాడు. "ఎవరక్కా వచ్చింది?"

ఆవిడ తమ్ముణ్ణి చూసింది. మొగుణ్ణి చూసింది. ఆవిడ నోరు తెరిచేలోపే పిల్లల గది తలుపుకి లోపలినుంచి గడియ పడింది. పిల్లలెవరికీ అందని పైగడియ.